గుడిసెకు 3 రూపాయలు: కెన్యాలో బ్రిటిష్ పాలన లెక్కలు

తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్ అధికారి ఊళ్లోకి వస్తే ముందు గుడిసెలు లెక్కపెట్టేవాడు. 1901లో మొదలైన గుడిసె పన్ను కొద్ది ఏళ్లలోనే 3 రూపాయలకు చేరింది. అవును, మన రూపాయే. ఇప్పటి కెన్యాలో 1920 దాకా చెలామణీ అయింది భారతదేశపు రూపాయి. కికుయు తెగ కుటుంబాల్లో ఒక్కో భార్యకు ఒక్కో గుడిసె ఉండటం ఆచారం కాబట్టి, ముగ్గురు భార్యలున్న ఇంటిమీద 9 రూపాయలు పడేది. భర్త పోయిన ఆడవాళ్ల గుడిసెలనూ వదల్లేదు. సొంత గుడిసె లేని కుర్రాళ్లు తప్పించుకుంటున్నారని 1910లో తలపన్ను తెచ్చారు.

3 రూపాయల బరువు తెలియాలంటే కూలి రేటు చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు తెల్లదొరల తోటల్లో నెలంతా కష్టపడితే దక్కేది 4, 5 రూపాయలు. ఇంట్లో ధాన్యం ఉన్నా, దొడ్లో పశువులున్నా చేతిలో నాణేలుండవు. ఆ నాణేలు దొరికేది దొర తోటలోనే. కట్టనివాళ్ల మేకల్నీ ఆవుల్నీ తోలుకుపోయేవారు, గుడిసెలు తగలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఖజానా నింపుకోవడం ఈ పన్ను ఉద్దేశాల్లో ఒకటి మాత్రమే. ఆఫ్రికన్లను కూలికి రప్పించడానికి ఇది తప్ప మార్గం లేదని గవర్నర్ స్థాయి అధికారులే బాహాటంగా చెప్పుకున్నారు. కెన్యాలో ఆ తర్వాత జరిగిన వాటన్నిటికీ మూలం ఈ ఏర్పాటులోనే ఉందని నా అభిప్రాయం.

ఇంతకూ ఆ తోటలు ఎక్కణ్నుంచి వచ్చాయి? 1895లో బ్రిటన్ ఈ ప్రాంతాన్ని తన రక్షణలోకి తీసుకున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడు మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలుమార్గం మొదలుపెట్టి 1901కి పూర్తిచేసింది. పొడవు సుమారు 930 కిలోమీటర్లు, ఖర్చు 50 లక్షల పౌండ్లకు పైనే. పట్టాలు వేసినవాళ్లలో దాదాపు 32,000 మంది భారతీయులు, ఎక్కువమంది పంజాబువాళ్లు. వాళ్లలో 2,500 మంది దాకా చనిపోయారు. అంటే మైలుకు నలుగురికి పైగా. అంత సొమ్ము పోసిన రైలుకు సరుకు కావాలి. దానికోసం తెల్లవాళ్లను పిలిచి భూములిచ్చారు.

ఇచ్చిన భూముల్లో అప్పటికే మనుషులున్నారు. 1904లో మాసాయి పశుపాలకులను రిఫ్ట్ లోయలోని మంచి మేత భూముల నుంచి తరలించారు. మాసాయి జాతి ఉన్నంతకాలం ఇక కదిలించబోమని ఒప్పందం రాసుకున్నారు. ఏడేళ్లకే, 1911లో, ఇంకో ఒప్పందం పెట్టి మళ్లీ కదిలించారు. 1915 చట్టం తెల్ల రైతులకు 999 ఏళ్ల కౌలు ఇచ్చింది. ఆఫ్రికన్లు మాత్రం తాతల నాటి నేలమీదే ప్రభుత్వం దయతో ఉంటున్నవాళ్లయ్యారు. తెల్లవాళ్లకని కేటాయించిన ఎత్తుభూములు 1930ల నాటికి అడవులతో కలిపి సుమారు 16,700 చదరపు మైళ్లు, అంటే మన కేరళకన్నా ఎక్కువ. 1948 జనాభా లెక్కల్లో యూరోపియన్లు 30,000 మంది, ఆఫ్రికన్లు 52 లక్షల పైచిలుకు. ఆ 30,000 మందిలోనూ సేద్యం చేసేవాళ్లు కొన్ని వేలమందే.

పనికి వచ్చినవాడు పారిపోకుండా కిపాండే అనే గుర్తింపు కాగితం పెట్టారు. చట్టం 1915లో వచ్చింది, యుద్ధం అయ్యాక గట్టిగా అమలు చేశారు. 16 ఏళ్లు దాటిన ప్రతి ఆఫ్రికన్ మగవాడూ దాన్ని వెంట ఉంచుకోవాలి. దానిమీద పేరు, వేలిముద్రలు, ఏ దొర దగ్గర ఎప్పుడు చేరాడు, జీతమెంత అన్న వివరాలు ఉండేవి. దాన్ని చిన్న రేకు డబ్బాలో పెట్టి తాడుతో మెడకు కట్టుకునేవారు. దొర సంతకం చేసి వదిలితేనే ఇంకోచోట పని దొరికేది, లేకపోతే జైలు. మెడలో గంట కట్టిన మేకలా ఉందని ఆనాటి ఆఫ్రికన్లకు అనిపించిందంటే ఆశ్చర్యం లేదు.

యుద్ధమయ్యాక పన్ను, రూపాయి పోయి వచ్చిన కొత్త నాణేల లెక్కలో, 16 షిల్లింగులకు పెరిగింది, మరోపక్క కూలి మూడోవంతు తగ్గించే ప్రయత్నం జరిగింది. దీన్ని ఎదిరించిన కికుయు నాయకుడు హ్యారీ థుకూను 1922 మార్చిలో నైరోబీలో అరెస్టు చేస్తే, విడిచిపెట్టాలని వచ్చిన జనంమీద కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు అధికారిక లెక్క ప్రకారం 21 మంది. స్థానికులు అంతకు ఎన్నో రెట్లు చెప్పారు. తర్వాత పన్ను 12 షిల్లింగులకు దిగింది.

1952 అక్టోబరు 20న గవర్నర్ ఎవెలిన్ బేరింగ్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. కారణం ప్రధానంగా కికుయులు చేసిన మౌ మౌ తిరుగుబాటు, దాని వెనకున్నది భూమి. ఇక్కడి లెక్కలు నిదానంగా చూడాలి. ఏడేళ్లలో చనిపోయిన తెల్ల పౌరులు 32 మంది. ప్రభుత్వం ఒప్పుకున్న ప్రకారం చంపిన తిరుగుబాటుదారులు 11,000కు పైగా. ఉరితీసినవాళ్లు 1,090 మంది. 1954 చివరికి నిర్బంధ శిబిరాల్లో ఉన్నవాళ్లు 70,000 పైనే. అదీగాక పది లక్షల మందికి పైగా కికుయులను సొంత ఇళ్లు కూల్చి, ముళ్లకంచెలు, కందకాల మధ్య 800కు పైగా కొత్త ఊళ్లలోకి తోలారు.

ఆ ఊళ్లలో ఆకలితో, రోగాలతో పోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకప్పుడు గుడిసె గుడిసెకూ లెక్క రాసిన ప్రభుత్వమే ఇది. జనాభా లెక్కల్ని పోల్చి లక్షకు పైగా, బహుశా మూడు లక్షల దాకా మనుషులు కనబడటం లేదని చరిత్రకారిణి కరోలిన్ ఎల్కిన్స్ వాదించారు. జనాభా నిపుణుడు జాన్ బ్లాకర్ ఆ పద్ధతిని తప్పుబట్టి, అదనపు మరణాలు 50,000 ఉంటాయని అంచనా వేశారు. తక్కువ అంచనా కదా అని ఊరట పడటానికి లేదు. అందులో సగం దాకా పదేళ్లలోపు పిల్లలే.

1959 మార్చి 3న హోలా నిర్బంధ శిబిరంలో పనికి ఒప్పుకోని ఖైదీలను కావలివాళ్లు కర్రలతో కొట్టారు. 11 మంది చనిపోయారు. వాళ్లు నీళ్లు తాగడంవల్ల పోయారని అధికారులు మొదట ప్రకటన ఇచ్చారు. విచారణలో నిజం బయటపడి లండన్ పార్లమెంటులో గొడవైంది. 1963 డిసెంబరు 12న కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఎత్తుభూముల్లో పది లక్షల ఎకరాల పునరావాస పథకం కింద స్థలం దొరికిన కుటుంబాలు సుమారు 35,000. అదీ ఉచితం కాదు. తమ నుంచి తీసుకున్న భూమినే అప్పు చేసి కొనుక్కున్నారు.

అధికారులు దేశం వదిలేముందు కొన్ని ఫైళ్లను తగలబెట్టి, కొన్నిటిని బ్రిటన్‌కు తరలించారు. హాన్‌స్లోప్ పార్కులో దాచిన ఆ ఫైళ్లు 2011లో, శిబిరాల్లో చిత్రహింసలు పడ్డ బాధితులు బ్రిటిష్ ప్రభుత్వంపై వేసిన కేసు నడుస్తుండగా బయటికొచ్చాయి. 2013 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం చిత్రహింసలు జరిగాయని ఒప్పుకుని విచారం ప్రకటించింది. 5,228 మందికి, లాయర్ల ఖర్చులతో కలిపి, 1.99 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఆ సొమ్మంతా బాధితులకే చేరినా మనిషికి 3,800 పౌండ్ల చిల్లర. మరో 40,000 మంది వేసిన దావాను లండన్ హైకోర్టు 2018లో కొట్టేసింది. చాలా కాలం గడిచిపోయిందన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ప్రధానమైంది.