చెట్టులోని సిమెంటు: లిగ్నిన్‌తో మెరుగైన ప్లాస్టిక్

జంషెడ్‌పూర్ ఉక్కు పట్టణం. అక్కడి బారిడీహ్‌లో గాని, మీ ఊళ్లో గాని ఇంటికి శ్లాబు వేసేటప్పుడు ఒకసారి గమనించండి. ముందు ఇనుప చువ్వలు కడతారు, తరువాత కాంక్రీటు పోస్తారు. సాగదీసే బలాన్ని చువ్వ ఓర్చుకుంటుంది. అదిమే బలాన్ని కాంక్రీటు తట్టుకుంటుంది. ఇలా రెండు వేరువేరు పదార్థాలు కలిసి, ఏ ఒక్కదానికీ లేని గుణాన్ని ఇస్తే దానిని సంయుక్త పదార్థం లేదా కాంపోజిట్ అంటారు.

చెట్టు ఈ పనిని మనిషి కంటే ఎంతో ముందే నేర్చుకుంది. కర్రలోని సెల్యులోజ్ నారలు చువ్వల వంటివి. వాటి మధ్య నిండి, వాటిని పట్టి ఉంచే సిమెంటు పేరు లిగ్నిన్. ఎండు కర్ర బరువులో సుమారు 20 నుంచి 30 శాతం ఇదే ఉంటుంది. చెట్టు నిటారుగా నిలబడడానికి, నీరు మోసే గొట్టాలు ముడుచుకుపోకుండా ఉండడానికి ఇదే ఆధారం. ఈ సిమెంటును జీవ విచ్ఛిన్నం చెందే ప్లాస్టిక్‌లో కలిపితే ఏమవుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మిల్లులో మిగిలే నల్ల ద్రవం

ముందుగా లిగ్నిన్ ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. రాజమహేంద్రవరం, సారపాక, కాగజ్‌నగర్‌లలో కాగితపు మిల్లులు ఉన్నాయి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వంటి కర్రను కాగితపు గుజ్జుగా మారుస్తారు. క్రాఫ్ట్ పద్ధతిలో కర్ర ముక్కలను సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి, సెల్యులోజ్ నారలు విడిపోతాయి. నార కాగితమవుతుంది. మిగిలిన నల్లని ద్రవాన్ని చిక్కబరచి బాయిలర్‌లో మండిస్తారు. దాని వల్ల ఆవిరి, విద్యుత్తు వస్తాయి, రసాయనాలు కూడా తిరిగి దక్కుతాయి. ప్రపంచమంతటా కాగితపు మిల్లుల లిగ్నిన్‌లో అత్యధిక భాగం ఇలా ఇంధనంగానే పోతోంది. ఈ ద్రవంలోకి కార్బన్ డయాక్సైడును పంపి క్షారగుణాన్ని తగ్గిస్తే, లిగ్నిన్ గోధుమరంగు పొడిగా విడిపోతుంది.

ప్లాస్టిక్‌కు కలిగే మేలు

మొక్కజొన్న పిండి వంటి వాటి నుంచి తయారయ్యే పాలీలాక్టిక్ ఆమ్లం, పెట్రోలియం నుంచి తయారైనా సూక్ష్మజీవులు తినగలిగే పీబీఏటీ – ఈ రెండూ జీవ విచ్ఛిన్నం చెందే ప్లాస్టిక్‌లలో ముఖ్యమైనవి. మామూలు పాలిథీన్ కంటే వీటి ధర ఎక్కువ. చవకైన లిగ్నిన్‌ను కొంత కలిపితే ఖర్చు తగ్గుతుంది, ప్లాస్టిక్ గట్టిపడుతుంది.

ఇంకొక మేలు కూడా ఉంది. టమాటా, మిరప, పుచ్చ పొలాల్లో రైతులు పరిచే మల్చింగ్ షీటును మీరు చూసే ఉంటారు. పాలిథీన్ షీటు అయితే పంట తరువాత పీలికలై మట్టిలోనే ఉండిపోతుంది. పీబీఏటీ షీటుకు ఆ బాధ తక్కువే కాని, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దానిని పంట చేతికి రాకముందే పెళుసుగా మార్చి చింపేస్తాయి. లిగ్నిన్ అణువులోని ఫినాల్ సమూహాలు ఆ కిరణాలను పీల్చుకుంటాయి. ఎండ వల్ల పుట్టే స్వేచ్ఛా రాడికల్స్‌ను కూడా అణచివేస్తాయి. లిగ్నిన్ ముదురు రంగు పారదర్శకమైన సంచికి లోపమే. మల్చింగ్ షీటుకు మాత్రం అది వరం. వెలుతురు కిందికి దిగదు కనుక కలుపు మొలవదు.

కలపడం వేరు, కలిసిపోవడం వేరు

ఇంత మేలు ఉన్నా లిగ్నిన్ అంతటా ఎందుకు వాడుకలోకి రాలేదు? శ్లాబు చువ్వనే మళ్లీ చూడండి. దాని మీద ఉబ్బెత్తు గీతలు ఉంటాయి. కాంక్రీటు వాటిని పట్టుకుంటుంది. నున్నని చువ్వ అయితే జారిపోతుంది. ప్లాస్టిక్‌లో లిగ్నిన్ పరిస్థితి నున్నని చువ్వ వంటిదే. లిగ్నిన్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకుంటాయి. దాంతో పొడి ఉండలు కడుతుంది. వంచినప్పుడు ఆ ఉండ దగ్గరే పగులు మొదలవుతుంది. అందుకే లిగ్నిన్ మోతాదు పెంచిన కొద్దీ ప్లాస్టిక్ గట్టిపడినా, సాగే గుణం తగ్గి త్వరగా విరుగుతుంది.

దీనికి శాస్త్రవేత్తలు మూడు మార్గాలు వాడుతున్నారు. మొదటిది, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ వంటి వాటితో హైడ్రాక్సిల్ సమూహాలను కప్పివేయడం. రెండవది, రెండింటితోనూ పొత్తు కుదుర్చుకునే మూడో పదార్థాన్ని మధ్యవర్తిగా చేర్చడం. మూడవది, లిగ్నిన్‌ను నానో కణాలుగా మార్చి సమంగా పరచడం. ఇవన్నీ అదనపు ఖర్చులే. చవక కోసం తెచ్చిన పదార్థం ఖరీదైనది కాకుండా చూడడమే అసలు సవాలు. క్రాఫ్ట్ లిగ్నిన్‌లో మిగిలే గంధకపు వాసన ఆహార ప్యాకింగుకు మరో అడ్డంకి.

మట్టిలో కలుస్తుందా?

‘జీవ విచ్ఛిన్నం’ అన్న మాట చూసి వస్తువును ఎక్కడంటే అక్కడ పారవేయకూడదు. పాలీలాక్టిక్ ఆమ్లం త్వరగా విచ్ఛిన్నం కావాలంటే సుమారు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రం కావాలి. మురుగు కాలువలో అది చాలాకాలం అలాగే ఉంటుంది. లిగ్నిన్‌ను ‘వైట్ రాట్’ శిలీంధ్రాలు తమ ఎంజైములతో ఛేదిస్తాయి, కాని నెమ్మదిగా. కాబట్టి లిగ్నిన్ ఎక్కువైతే విచ్ఛిన్నం ఆలస్యం కావచ్చు. ఎండకు నిలవాలి, మట్టిలో కలవాలి – ఈ రెంటికీ సరిపడే పాళ్లు కనుక్కోవడమే పరిశోధన.

మన దేశంలో 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు మినహాయింపు ఉంది. అయితే దానికి నిర్ణీత ప్రమాణం ఉంది. కంపోస్టు పరీక్షలో 180 రోజుల లోపు దానిలోని కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడుగా మారాలి. లిగ్నిన్ కలిపిన సరుకైనా కంపోస్టయ్యేదని చెప్పుకోవాలంటే ఈ పరీక్షలో నెగ్గాలి.

మీరే చేసి చూడండి

ఒక దినపత్రిక కాగితాన్ని, ఒక తెల్ల నోటుపుస్తకం కాగితాన్ని పక్కపక్కన ఎండలో ఉంచండి. రెండింటినీ సగం వరకు అట్టముక్కతో కప్పండి. కొద్ది రోజుల తరువాత అట్ట తీసి చూడండి. దినపత్రికలో ఎండ తగిలిన భాగం బాగా పసుపెక్కి ఉంటుంది, నోటుపుస్తకం కాగితం అంతగా మారదు. దినపత్రిక కాగితంలో సాధారణంగా లిగ్నిన్ మిగిలి ఉంటుంది. నోటుపుస్తకం కాగితంలో దాదాపు ఉండదు. కాగితాన్ని పాడుచేసే ఈ గుణమే, అంటే ఎండను తనలోకి పీల్చుకోవడమే, ప్లాస్టిక్‌ను ఎలా కాపాడుతుంది? మీ మాటల్లో రాసి, మీ ఉపాధ్యాయులతో చర్చించండి.