శివరాత్రి జాగరణకు చుక్కల తోడు

శివరాత్రి జాగరణ ఇప్పుడు చాలా ఇళ్లలో టీవీ ముందు కూర్చోవడంగా మారింది. పెద్దలు శ్రీశైలం ప్రసారం చూస్తూ కునికిపాట్లు పడతారు, పిల్లలు పదింటికల్లా ఫోన్లు పట్టుకుని మూల చేరతారు. మన ముత్తాతల కాలంలో జాగరణకు తోడు ఆకాశమే. ఏ జాము నడుస్తోందో చుక్కలు చూసి చెప్పేవారు. ఆ విద్య పెద్దగా కష్టమైనదేమీ కాదు. ఈ శివరాత్రికి పిల్లలను వెంటబెట్టుకుని డాబా ఎక్కితే ఒక్క రాత్రిలో పట్టుబడుతుంది.

చుక్కలు చూడడానికి ఇంతకన్నా అనువైన రాత్రి దొరకడం కష్టం. మాఘ బహుళ చతుర్దశి కనుక దాదాపు రాత్రంతా వెన్నెల ఉండదు. యాంగోన్‌లో అది వానలు లేని కాలం. పైగా ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఎలాగూ మేలుకునే ఉంటాం.

ఇంకొక విశేషం ఉంది. మన పూర్వులలో చాలామంది కోరంగి, కాకినాడ తీరం నుంచి ఓడలెక్కి 'రంగం' వచ్చారు. కోరంగి, యాంగోన్ రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 16.8 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. అంటే వారు సముద్రం మీదుగా తిన్నగా తూర్పుకు వచ్చారన్నమాట. అందుకే ధ్రువ నక్షత్రం అక్కడ ఎంత ఎత్తున కనిపిస్తుందో ఇక్కడా అంతే ఎత్తున కనిపిస్తుంది. ఊరు మారినా, భాష మారినా, నెత్తిమీది ఆకాశం మాత్రం మారలేదు.

మరి గడియారం సంగతి? మన గడియారం భారతదేశం కన్నా గంట ముందు నడుస్తుంది. ఇక్కడ సూర్యుడు కూడా కోరంగి కన్నా సుమారు 56 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. కాబట్టి అక్కడ రాత్రి తొమ్మిదింటికి ఏ చుక్క ఎక్కడ ఉంటుందో, ఇక్కడ మన తొమ్మిదింటికి అదే చోట ఉంటుంది. తేడా నాలుగైదు నిమిషాలే.

పంచాంగం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. తిథి సూర్యచంద్రుల మధ్య దూరాన్ని బట్టి ఏర్పడుతుంది, లోకమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది. అందుకని ఆంధ్ర పంచాంగంలో చతుర్దశి సాయంత్రం 5 గంటలకు మొదలైతే మనకు 6 గంటలకు అని లెక్క. లింగోద్భవ కాలం అలా కాదు. అది ఎవరి ఊరి అర్ధరాత్రి వారిది. శివరాత్రి రోజుల్లో యాంగోన్‌కు అసలైన నడిరేయి మన గడియారంలో సుమారు 12:15 – 12:20 మధ్య వస్తుంది. శ్రీశైలంలో నడిరేయి అయ్యేసరికి మనకు దాదాపు ఒకటిన్నర! టీవీ చూసి అభిషేకం మొదలుపెడితే మన లింగోద్భవ సమయం దాటిపోయినట్టే. తిథికి గంట కలపాలి, నడిరేయికి కలపకూడదు. ఇంత గుర్తుంటే చాలు. ఒక్కోసారి ఈ గంట తేడా వల్ల పండుగ రోజే మారవచ్చు కనుక అర్చకుల వారిని అడిగి నిర్ణయించుకోండి.

ఇక నాలుగు జాముల ఆకాశం.

మొదటి జాము: ఎనిమిదింటికి తల పైకెత్తండి. మూడు చుక్కలు ఒకే వరుసలో కనిపిస్తాయి. పల్లెల్లో వీటిని గొల్లకావడి అనేవారు. వాటికి ఉత్తరంగా ఎర్రగా మెరిసేది ఆర్ద్ర, రుద్రుడు అధిదేవతగా గల నక్షత్రం. పడమటి వైపు చిన్న గుంపుగా కనిపించేవి కృత్తికలు, మన పిల్లలకోడి. తొమ్మిది లోపు దక్షిణానికి, నది వైపుకు తిరగండి. పైన అన్నిటికన్నా కాంతిమంతమైన చుక్క మృగవ్యాధుడు, అంటే వేటగాడు. శివరాత్రి కథలోని బోయవాణ్ణి పిల్లలకు గుర్తుచేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. దానికి చాలా కింద, దిక్చక్రానికి రెండు పిడికిళ్ల ఎత్తున ఉన్నది అగస్త్యుడు.

రెండవ జాము: ఈశాన్యంలో సప్తర్షులు పైకి వస్తారు. ముందు నడిచే రెండు చుక్కలను కలుపుతూ గీత పొడిగిస్తే ధ్రువుడు దొరుకుతాడు. చెయ్యి చాచి పట్టిన పిడికిలి సుమారు పది డిగ్రీలు. ధ్రువుడు ఉత్తరాన ఒకటి ముప్పావు పిడికిళ్ల ఎత్తులో ఉంటాడు. వసిష్ఠుని పక్కనే అరుంధతి. పెళ్లిలో పగటిపూట చూపించిన అరుంధతిని దంపతులు ఇప్పుడు నిజంగా చూడవచ్చు!

నడిరేయికి మఖ నక్షత్రం ఇంచుమించు నడినెత్తికి చేరుతుంది. పున్నమి చంద్రుడు మఖ దగ్గర ఉండే నెల కనుకనే అది మాఘం. లింగోద్భవానికి ఆకాశంలో వేలాడే గడియారం ఇదే.

మూడవ జాము: రెండు, మూడు గంటల మధ్య దక్షిణాన నది మీదుగా, ఒక పిడికిలి ఎత్తున, శిలువ ఆకారంలో నాలుగు చుక్కలు కనిపిస్తాయి. అదే త్రిశంకు. తూర్పున స్వాతి బాగా పైకి వచ్చి ఉంటుంది.

నాలుగవ జాము: ఆగ్నేయంలో వృశ్చికం, దాని నడుమ ఎర్రని జ్యేష్ఠ. తెల్లవారేముందు తూర్పున సన్నని చంద్రరేఖ కూడా ఒక్కోసారి కనిపిస్తుంది.

లతలో వీధి దీపాల వెలుతురు, ఎత్తైన మేడలు అడ్డే. త్రిశంకును, ధ్రువుణ్ణి చూడాలంటే పై డాబా ఎక్కక తప్పదు. డాబా లైట్లు ఆర్పి ఇరవై నిమిషాలు ఆగితే కళ్లు చీకటికి అలవాటుపడతాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్ జేబులో ఉంచండి. టెలిస్కోపు అక్కర్లేదు. బైనాక్యులర్స్ ఉంటే కృత్తికలు ముచ్చటగా కనిపిస్తాయి. పిట్టగోడల దగ్గర చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

ఇష్టంతో ఆకాశం చూడడం మనవాళ్లకు కొత్త కాదు. 1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావు గారు విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించారు.

మన పిల్లలు సంకల్పంలో తమ జన్మనక్షత్రం పేరు చెబుతారు. ఆ నక్షత్రం ఎక్కడుందో చూపించమంటే ఎంతమంది చూపించగలరు? మనలో ఎంతమందిమి చూపించగలం? ఈ శివరాత్రికి ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్క చుక్కనైనా పేరుపెట్టి గుర్తుపట్టగలిగితే, జాగరణ సార్థకమైనట్టే.

ఓం నమః శివాయ.