ఊక, పొట్టులతో రంగునీటి శుద్ధి
చేయదగినది, చేయరానిది

వడ్ల మిల్లు ప్రక్కన కుప్పలుగా పడియుండు ఊకను చూడని రైతు మనలో లేడు. 100 కిలోల వడ్లు ఆడించినచో సుమారు 20 కిలోల ఊక మిగులును. అందులో కొంత మిల్లు బాయిలర్లకును, ఇటుక బట్టీలకును, కోళ్ళ షెడ్లలో పరుపునకును పోవుచున్నది. వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, కొబ్బరి పీచు, రంపపు పొట్టుల సంగతియు ఇంచుమించు ఇట్టిదే. అయితే ఈ వ్యర్థ పదార్థములకు మరియొక గుణము కలదు. అద్దకపు నీటిలోని కొన్ని రంగులను, కార్ఖానాల నీటిలోని సీసము, రాగి, కాడ్మియము వంటి భారలోహములను ఇవి పట్టి నిలుపుకొనగలవు. ఈ విషయమై మన దేశమునందును, ఇతర దేశములందును ఎన్నో ఏండ్లుగా పరిశోధనలు జరుగుచున్నవి.

ఇది రైతులకు ఎందుకని మీరు అడుగవచ్చును. పోచంపల్లి, పుట్టపాక, చీరాల వంటి నేతకేంద్రములలో నేతపనితో పాటు నూలుకు రంగు వేయుటయు కలదు. ఎక్కడనైనను అద్దకము చేసిన నీరు కాలువలోనో, వాగులోనో కలిసినచో, దిగువనున్న పొలమునకే చేరును. ఊక ఇచ్చువారు మీరు. నీరు పారించుకొనువారును మీరే. కాబట్టి ఊక ఏమి చేయగలదో, ఏమి చేయలేదో రెండును మీరు తెలిసికొనవలెను.

ఊక రంగును ఎట్లు పట్టును?

చిల్లగింజను కుండలో అరగదీసి బురదనీటిని తేర్చుట మన పెద్దలకు తెలిసిన పద్ధతి. నీటిలో తేలాడు సన్నని మట్టిరేణువులను ఆ గింజ ఒకచోట కూర్చి అడుగునకు దించును. కాని నీటిలో పూర్తిగా కరిగిన రంగు అట్లు దిగదు. దానిని ఏదైన ఒక పదార్థము తన ఉపరితలమునకు అంటించుకొని నీటినుండి తీసివేయవలెను. దీనినే అధిశోషణమందురు. బొగ్గునకు ఈ శక్తి కలదని 1785లో లోవిట్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. నేడు కొబ్బరి చిప్పలతో తయారుచేయు ఉత్తేజిత బొగ్గును నీటి శుద్ధికి విరివిగా వాడుచున్నారు.

ఊక పచ్చిగానున్నపుడు కూడ ఈ శక్తి కొంత కలదు. మీ పొలములోని రేగడి మట్టినే తీసికొనుడు. మీరు వేసిన పొటాషు ఎరువు వాననీటికి కొట్టుకొనిపోకుండ ఆ మట్టి పట్టి ఉంచును గదా! బంకమట్టి రేణువులపై ఋణ విద్యుదావేశము, పొటాషుకు ధన విద్యుదావేశము ఉండుటయే దానికి కారణము. ఊక, పొట్టు, పీచులపై కూడ ఇట్టి ఋణావేశపు స్థానములు కలవు. అవి తమయందున్న కాల్షియము, పొటాషియము వంటివానిని విడిచి, వాని స్థానమున సీసమును, రాగిని పట్టుకొనును. పొట్టును నిమ్మ ఉప్పుతో, అనగా సిట్రిక్ ఆమ్లముతో కలిపి వేడిచేసినచో ఇట్టి స్థానములు పెరుగును. సోయాచిక్కుడు పొట్టుపై అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని ప్రయోగించి, లోహములను పట్టు శక్తి హెచ్చుటను 1999లో ప్రకటించిరి.

అన్ని రంగులకు ఒకే మందు లేదు

పై కారణమువలననే పచ్చి ఊక అన్నిటికిని పనిచేయదు. మిథిలీన్ బ్లూ వంటి క్షార వర్ణములు ధనావేశము గలవి. వానిని ఊక చక్కగా పట్టును. నూలు అద్దకమున నేడు ఎక్కువగా వాడు రియాక్టివ్ రంగులు ఋణావేశము గలవి. వానిని పచ్చి ఊక మిక్కిలి తక్కువగా పట్టును. అద్దకపు నీటిలో సోడా కలిసియున్నందున ఆ కొంచెము శక్తియు ఇంకను తగ్గును. ఇట్టి రంగులకు ఉత్తేజిత బొగ్గు అవసరము.

లోహములలోను తేడాలు కలవు. సీసము, రాగి, కాడ్మియములను కొద్దిపాటి పులుపు గల నీటిలో, అనగా ఉదజని సూచిక 5, 6 ప్రాంతమున, పొట్టు బాగుగా పట్టును. పులుపు మరీ ఎక్కువైనచో ఆమ్లమే ఆ స్థానములను ఆక్రమించుకొనును. తోళ్ళ శుద్ధి, లోహపు పూత పనులకు సంబంధించిన క్రోమియము వేరు విధమైనది. అందులో విషతుల్యమైన ఆరవ సంయోజకత గల క్రోమియము బాగుగా పుల్లని నీటిలోనే పట్టుబడును.

మీరే చేసి చూడదగిన పరీక్ష

మీ సంఘములోనో, మీ యింటిలోనో అద్దకపు పని ఉన్నచో, ఊక ఆ రంగుకు పనికివచ్చునో లేదో ముందుగా ఇట్లు పరీక్షించుడు. చేతులకు రబ్బరు తొడుగులు తప్పక వేసికొనవలెను.

1. కుళ్ళని శుభ్రమైన ఊకను జల్లించి దుమ్ము తీసివేయుడు. వేడినీటిలో ఉడికించి, కడిగిన నీరు తేటగా వచ్చువరకు పలుమార్లు కడుగుడు. లేనిచో ఊకలోని గోధుమరంగు దిగి పరీక్షను తప్పుదారి పట్టించును. తరువాత నీడన ఆరబెట్టుడు.

2. ఐదు గాజుసీసాలు తీసికొని ఒక్కొక్కదానిలో ఒక లీటరు రంగునీరు పోయుడు. మొదటి సీసాలో ఏమియు వేయవలదు. మిగిలినవానిలో వరుసగా 5, 10, 20, 40 గ్రాముల ఊక వేయుడు.

3. రెండు గంటలపాటు అప్పుడప్పుడు కలియబెట్టి, గుడ్డలో వడకట్టి, వెనుక తెల్ల కాగితముంచి మొదటి సీసాతో పోల్చుడు.

20 గ్రాములకును 40 గ్రాములకును తేడా కనిపించనిచో, ఊక పెంచుట వృథా. 40 గ్రాములు వేసినను రంగు విరుగనిచో ఆ రంగుకు పచ్చి ఊక పనికిరాదని గ్రహించవలెను. రంగు మార్చినపుడెల్ల పరీక్ష మరల చేయవలెను. లోహములు కంటికి కనబడవు. వాని సంగతి ప్రయోగశాల మాత్రమే చెప్పగలదు.

పరీక్ష సఫలమైనచో మూడు పీపాలలో ఊక నింపి, నీటిని ఒకదానినుండి మరియొకదానికి నెమ్మదిగా పంపవలెను. మొదటి పీపానుండి వచ్చు నీటిలో రంగు కనబడగనే ఆ ఊకను తీసివేసి, రెండవ పీపాను మొదటిదిగాను, మూడవదానిని రెండవదిగాను మార్చి, క్రొత్త ఊక పీపాను చివర పెట్టవలెను. ఇట్లు చేసినచో చివర ఎప్పుడును తాజా ఊకయే ఉండును.

తేటనీరెల్ల మంచినీరు కాదు

నీరు తేటబడగనే చేనికి పారించవచ్చునని తలంచుట పొరబాటు. రియాక్టివ్ రంగులు నూలుకు పట్టుటకు ఉప్పును, సోడాను విస్తారముగా వాడుదురు. ఊక రంగును పట్టినను ఈ ఉప్పును తీసివేయజాలదు. ఉప్పునీరు పారిన భూమి క్రమముగా చౌడు బారును. సోడియము హెచ్చిన నల్లరేగడి నీరింకక గట్టిబడును. నీటి విద్యుద్వాహకత మీటరుకు 0.7 డెసీసైమెన్సులకు లోపల ఉన్నచో ఉప్పు వలన చిక్కు లేదనియు, 3 మించినచో తీవ్రమైన హాని కలదనియు ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థవారి సూచన. మీ నీటి మాదిరిని పరీక్షా కేంద్రమునకు పంపి ఈ అంకె తెలిసికొనిన పిమ్మటనే పారించుడు.

ఊక వడపోత పెట్టినంత మాత్రమున చట్టము తీరదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టము ప్రకారము కార్ఖానా నీటిని విడుచుటకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావలెను. వాగులు, నదులవంటి జలములలోనికి విడుచు నీటిలో ఆరవ సంయోజకత గల క్రోమియము లీటరుకు 0.1 మిల్లీగ్రామును మించరాదు.

వాడిన ఊకను ఏమి చేయవలెను?

అన్నిటికంటె ముఖ్యమైన విషయ మిది. ఊక లోహములను నాశనము చేయదు. నీటిలోనుండి తీసి తనలో దాచుకొనును. రంగు సంగతియు అంతే. నీటిలో పలుచగానున్న విషము ఊకలో చిక్కబడి యుండును. మన యిండ్లలో ఊక, పొట్టు వృథా పోనిచ్చు అలవాటు లేదు. పెంటకుప్పలో వేయుటయో, పొయ్యిలో మండించుటయో, పశువుల క్రింద పరచుటయో చేయుదుము. మామూలు ఊక విషయమున ఇది మంచి అలవాటే. వాడిన ఊక విషయమున ఇదే గొప్ప ప్రమాదము.

పెంటకుప్పలో వేసినచో ఊక క్రమముగా కుళ్ళిపోవును. లోహము కుళ్ళదు, ఎరువుతో పొలమునకు చేరును. పొయ్యిలో వేసినచో కాడ్మియము వంటివి కొంత పొగలో పోయి, మిగిలినవి బూడిదలో నిలుచును. ఆ బూడిద గిన్నెలు తోముటకో, కూరగాయ మడులకో పోయినచో ఫలితము చెప్పనక్కరలేదు.

పొలములో చేరిన లోహము ఎంత మొండిదో జపాను దేశపు అనుభవము తెలుపుచున్నది. జింజూ నది ఎగువనున్న గని నుండి కాడ్మియము నీటిలో కలిసి దిగువ వరిమడులకు పారెను. ఆ బియ్యము తిని, ఆ నీరు త్రాగిన ప్రజల ఎముకలు పెళుసుబారి, భరింపరాని నొప్పులతో మంచము పట్టిరి. కాడ్మియమే కారణమని 1968లో ఆ ప్రభుత్వము అంగీకరించెను. మడులలోని మట్టిని బాగుచేయు పని 1979లో మొదలై 2012లో గాని ముగియలేదు. మడి చెడుటకు పట్టిన శ్రమ ఏమియు లేదు. బాగుపడుటకు ఒక తరము పట్టినది.

కాబట్టి వాడిన ఊకను వర్షము తగులని కప్పు క్రింద, క్రిందికి ఇంకని గచ్చుపై, మూతగల పీపాలలో విడిగా ఉంచవలెను. పిల్లలు, పశువులు దరిచేరకుండ చూడవలెను. కాలుష్య నియంత్రణ మండలివారిని సంప్రదించి, 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము అనుమతి పొందిన కేంద్రమునకు అప్పగించవలెను. హైదరాబాదు వద్ద దుండిగల్‌లోను, విశాఖపట్టణము వద్ద పరవాడలోను ఇట్టి కేంద్రములు కలవు. ఒక్కొక్క ఇంటికి ఇది భారమగును గనుక, అద్దకపువారందరు సంఘముగా చేరి ఒకేచోట శుద్ధి చేసికొనుట మేలు.

రైతు సోదరులారా! ఎవరైన మీ ఊక కొనవచ్చినచో దేనికి వాడుదురో అడుగుడు. వాడిన ఊకను ఉచితముగా ఎరువునకు ఇచ్చెదమన్నచో వలదని చెప్పుడు. మీ ఊరి వాగులో నీటి రంగు మారినను, మారిన రంగు హఠాత్తుగా తేటబడినను, మాదిరి తీసి పరీక్షకు పంపుడు. ఊక నీటిని శుద్ధిచేయవచ్చును గాని, ఆ ఊక మరల మీ పొలములో అడుగుపెట్టరాదు.