పాళీ వేళకు తెరిచి ఉండే గ్రంథాలయం
(ఈ-పుస్తకాలు: తెలుగు పాఠకులకు, స్వయంగా పుస్తకం వేసుకొనే రచయితలకు)

భివండిలో సాంచాలపై పనిచేసే కార్మికుని దినం రెండు ముక్కలుగా ఉంటుంది. పన్నెండు గంటల పాళీ మొదటిది. వంట, నిద్ర, ఊరికి ఫోను అన్నీ కలిసి రెండవది. గ్రంథాలయం తెరిచే వేళకు పగటి పాళీవారు మగ్గాల మధ్య ఉంటారు, రాత్రి పాళీవారు నిద్రలో ఉంటారు. తీరిక చేసుకొని వెళ్లినవారికి కూడ అలమారలలో మరాఠీ, ఉర్దూ, హిందీ కనిపించినంతగా తెలుగు కనిపించదు. పద్మానగర్‌లో మూడు తరాల తెలుగు కుటుంబాలున్న పట్టణంలో ఇలా ఎందుకు జరుగుతున్నదో తెలియాలంటే, గ్రంథాలయాలకు సొమ్ము ఎక్కడినుండి వస్తుందో తెలియాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును వసూలు చేస్తారు. రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వచ్చే ఆ మొత్తంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి. తెలంగాణలోనూ అదే పద్ధతి కొనసాగుతున్నది. మహారాష్ట్రలో 1967 నాటి చట్టం వేరొక మార్గం పట్టింది. ఇక్కడ ప్రత్యేక పన్ను లేదు. ఎక్కువ గ్రంథాలయాలను స్థానిక సంస్థలు నడుపుతాయి. ప్రభుత్వం వాటిని నాలుగు తరగతులుగా గుర్తించి అనుదానం ఇస్తుంది. ఏ పుస్తకం కొనాలన్నది సాధారణంగా ఆయా సంస్థల కమిటీలు నిర్ణయిస్తాయి, కమిటీలు సభ్యుల కోరికలను చూస్తాయి. అందుచేత సిరిసిల్లలో సొంత ఇల్లున్న భివండి కార్మికుడు అక్కడ గ్రంథాలయ పన్ను కడుతూ ఉంటాడు, ఆ సొమ్ముతో కొన్న పుస్తకం మాత్రం అతని చేతికి రాదు. ఇక్కడ సభ్యత్వం లేనందున ఇక్కడి కమిటీకి అతని అవసరం తెలియదు.

పాఠకుడు రాలేనప్పుడు పుస్తకమే వెళ్లాలన్న ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామాల మధ్య కాలువపై పడవ గ్రంథాలయం నడిచింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను స్వయంగా మోసుకొని తెలంగాణ ఊళ్లలో అమ్మారు. ఇప్పుడు ఆ మోతపని ఫోను చేస్తున్నది.

ఫోనులో ఉచితంగా, చట్టబద్ధంగా చదువుకొనేందుకు ప్రధానంగా నాలుగు చోట్లున్నవి. ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం మొదటిది. దీనిలో పేరు నమోదుకు రుసుము లేదు. రెండవది తెలుగు వికీసోర్స్. అక్కడ పాత పుస్తకాలను స్వచ్ఛంద కార్యకర్తలు అక్షరం అక్షరం సరిచూసి ఉంచుతారు. మూడవది ఇంటర్నెట్ ఆర్కైవ్. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా స్కాన్ చేసిన తెలుగు గ్రంథాలు పెద్దసంఖ్యలో అక్కడికి చేరినవి. నాలుగవది నేషనల్ బుక్ ట్రస్టువారి రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ. ఇది పిల్లలకు, కిశోరవయస్కులకు ఉద్దేశించినది, పుస్తకాలు వయస్సునుబట్టి విభజించి ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో వేరొక లిపి నేర్చుకొనే పిల్లలకు మొదట దీనిని చూపడం మంచిది.

ఆర్కైవ్‌లో కనిపించిన ప్రతి పుస్తకమూ హక్కులు తీరినది కాదు. మన దేశంలో రచయిత జీవించి ఉన్నంతకాలం, మరణించిన తరువాత అరవై సంవత్సరాలు రచనాహక్కు ఉంటుంది. ఆ అరవైని మరుసటి జనవరి 1 నుండి లెక్కిస్తారు. ఆళ్వారుస్వామి 1961లో మరణించారు కనుక, ఆయన జీవితకాలంలో అచ్చయిన ‘ప్రజల మనిషి’ నవల 2022 జనవరి నుండి అందరిదీ అయింది. నేడు జీవించి ఉన్న రచయిత పుస్తకం వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా తిరుగుతున్నదంటే, అనుమతి ఉంటే తప్ప అది నేరమే. అయిదువందల ప్రతులు సొంత ఖర్చుతో వేసుకొన్నవారికి ఆ ఒక్క ఫైలుతో మిగిలినవి అమ్ముడుపోకుండ నిలిచిపోతాయి.

గ్రంథాలయమే కొత్త ఈ-పుస్తకాన్ని కొని అందరికీ ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. అచ్చు పుస్తకాన్ని కొన్న గ్రంథాలయం అట్ట చిరిగేవరకు దానిని ఎందరికైనా ఇవ్వవచ్చు. ఈ-పుస్తకంలో మాత్రం గ్రంథాలయానికి దక్కేది సాధారణంగా వాడుకొనే అనుమతి మాత్రమే. ఒక ప్రతికి అనుమతి ఉంటే ఒకసారికి ఒక్కరే చదవాలి, మిగిలినవారు వరుసలో ఉండాలి. 2011లో హార్పర్‌కాలిన్స్ సంస్థ ఇరవైయారుసార్లు ఎరువిచ్చిన తరువాత మళ్లీ కొనాలని అమెరికా గ్రంథాలయాలకు షరతు పెట్టింది. ఇరవైయారుసార్లు చేతులు మారినంతమాత్రాన ఏ అచ్చు పుస్తకమూ మాయం కాదు! తెలుగులో గ్రంథాలయాలకు ఇలా అమ్మే ప్రచురణకర్తలు అరుదు. అందుచేత స్వయంగా పుస్తకం వేసుకొనే రచయిత నేరుగా ఒక గ్రంథాలయానికి అనుమతి ఇస్తే, అది లిఖితపూర్వకంగా, ఎందరికి, ఎంతకాలానికి అన్న వివరంతో ఉండాలి.

మగ్గం శబ్దం మధ్య కట్టిన పాటలను, కవితలను పుస్తకంగా తెచ్చే భివండి రచయితలు మొదట గమనించవలసినది ఖతి. డీటీపీ కేంద్రాలలో అను ఖతులతో కూర్చిన ఫైలు కాగితంపై అందంగానే వస్తుంది, ఫోనులో మాత్రం అర్థంలేని గుర్తులుగా మారుతుంది, వెదికితే దొరకదు. అచ్చుకు ఇచ్చిననాడే యూనికోడ్ ప్రతిని కూడ అడిగి తీసుకోవాలి. తరువాత దానిని ఈపబ్‌గా మార్చుకోవచ్చు. పీడీఎఫ్‌లో పుట కదలదు, చిన్న తెరపై ప్రతి వాక్యాన్ని అటూ ఇటూ జరుపుకొంటూ చదవాలి. ఈపబ్‌లో అక్షరాన్ని పెంచితే పంక్తి తానే సర్దుకొంటుంది. ఫైలు కూడ తేలిక, స్కాన్ చేసిన ప్రతి దానికి ఎన్నో రెట్లు బరువుంటుంది. రోజువారీ డేటా లెక్కచూసుకొనేవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఐఎస్‌బీఎన్ సంఖ్యను కేంద్ర ప్రభుత్వంలోని రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, రచయిత తానే దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చుకు ఒకటి, ఈ-పుస్తకానికి వేరొకటి తీసుకోవాలి. రచనాహక్కుకు నమోదు తప్పనిసరి కాదు, రాసిననాడే అది ఏర్పడుతుంది. అమ్మకానికి వచ్చేసరికి తెలుగు దారి ఇరుకు. 2016 డిసెంబరులో కిండిల్ అయిదు భారతీయ భాషలకు తలుపు తీసినప్పుడు మరాఠీ, తమిళం ఉన్నవి, తెలుగు లేదు. అంతకు ముందే మొదలైన ‘కినిగె’ వంటి తెలుగువారి వేదికలే ఆ లోటు కొంత తీర్చినవి.

అచ్చు పుస్తకం విషయంలో ఒక బాధ్యత తరచు మరుగున పడుతుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన ముప్పై దినాలలో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. రచయితే ప్రచురణకర్త అయితే ఆ బాధ్యత రచయితదే. అలా పంపితే పద్మానగర్‌లో వెలువడిన తెలుగు పుస్తకానికి ముంబయిలోనూ ఒక చోటు ఉంటుంది. అచ్చును ఉద్దేశించి చేసిన ఆ చట్టంలో ఈ-పుస్తకం ప్రస్తావన లేదు. కనుక యూనికోడ్ ఫైలును ఫోనులో ఒకటి, ఊళ్లో నమ్మకస్థుల వద్ద ఒకటి ఉంచుకోవాలి.