పసివారు – అడవి పునరుద్ధరణ

ఆస్ట్రేలియాలో జూలై చలికాలం. ఆ నెల చివరి ఆదివారం అక్కడ ‘జాతీయ వృక్ష దినం’. దానికి ముందు వచ్చే శుక్రవారాన్ని పాఠశాలలకు కేటాయించారు. ప్లానెట్ ఆర్క్ అనే సంస్థ 1996లో ఆరంభించిన ఈ కార్యక్రమంలో ఇంతవరకు రెండున్నర కోట్లకు పైగా మొక్కలు నాటినట్లు నిర్వాహకులు చెబుతున్నారు. ఐదారేళ్ళ పిల్లలు సైతం మట్టి చేతులతో గుంతల చుట్టూ చేరడం ఆనాడు సాధారణ దృశ్యం. చూడముచ్చటైన దృశ్యమే. అయితే పసివారి చేత మొక్కలు నాటించినంత మాత్రాన పోయిన అడవి తిరిగి వస్తుందా?

ఈ ప్రశ్నకు సమాధానం సిడ్నీ నగరానికి పడమట గల కంబర్లాండ్ మైదానంలో వెదకవచ్చు. వేల ఏళ్ళుగా దరుగ్ జాతివారు నివసించిన నేల అది. యూకలిప్టస్ వృక్షాలు ఎడంఎడంగా నిలిచి, వాటి క్రింద ముళ్ళపొదలు, పచ్చిక పెరిగే పలుచని అడవి. 1788లో ఐరోపావారి రాకతో ఆ అడవి మొదట పొలాలకు, పశువుల మేతకు, ఆపైన ఇళ్ళ స్థలాలకు బలి అయింది. పూర్వపు విస్తీర్ణంలో పదో వంతు కూడా మిగలలేదు. ఆ మిగిలినది సైతం ముక్కలు చెక్కలై ఉంది. అంతరించే ప్రమాదం మిక్కుటంగా ఉన్న జీవసముదాయాల జాబితాలో ఆస్ట్రేలియా ప్రభుత్వం 2009లో దీనిని చేర్చింది.

ఆ అడవి వృక్షాల్లో ఒకటి ఆంధ్ర పాఠకులకు కొత్తది కాదు. అక్కడ ‘ఫారెస్ట్ రెడ్ గమ్’ అని పిలిచే జాతినే ఇక్కడ జామాయిల్ తోటల్లో విరివిగా పెంచారు. అక్కడ అది అడవికి పెద్దదిక్కు. ఇక్కడ కలపకు, కాగితపు గుజ్జుకు పెంచే పంట. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. భారతదేశపు నల్లతుమ్మను నీడ కోసం, మేత కోసం క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నాటారు. నేడు అది లక్షల హెక్టార్ల పచ్చికబయళ్ళను ఆక్రమించిన కలుపు. కంబర్లాండ్ మైదానంలోనైతే జైతూన్ జాతికే చెందిన ఒక ఆఫ్రికా రకం దట్టమైన నీడ పరచి, క్రింద మరే మొక్కనూ బతకనివ్వడం లేదు. ఏ చెట్టు ఎక్కడ నాటినా మేలే అనుకునేవారు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

కనుక పిల్లల పని గుంత తవ్వడంతో కాదు, గింజతో మొదలు కావాలి. దగ్గరలో మిగిలి ఉన్న అడవి నుండే గింజలు సేకరిస్తారు. తుమ్మజాతి గింజల పెంకు గట్టిది. పెద్దవారు వాటిపై వేడినీళ్ళు పోసి నానబెడతారు. పిల్లలు చిన్న గొట్టాల్లో మట్టి నింపి విత్తుతారు, నీళ్ళు పోస్తారు. నాటేనాడు మొక్కను గొట్టంలోనే బాగా తడిపి, కాండం లాగకుండా తలక్రిందులు చేసి అరచేతిలోకి జార్చుకోవాలి. చుట్టూ మట్టి అదిమి, కుందేళ్ళు కొరకకుండా మూడు కర్రలతో తొడుగు నిలబెడతారు. ఈ పనికి చిన్న చేతులే అనువైనవి.

తర్వాతి రెండు మూడేళ్ళే అసలు పరీక్ష. కలుపు తీయకపోతే నాటిన మొక్క గడ్డిలో మునిగిపోతుంది. ఛాయాచిత్రాలు తీసుకుని వెళ్ళిపోయేవారికి ఈ సంగతి పట్టదు.

సిడ్నీలోనే మోస్మన్ ప్రాంతానికి చెందిన జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్ళు 1960ల నుండి మరొక మార్గం చూపారు. అడవి ఇంకా బాగున్న చోట మొక్కలు నాటనే వద్దన్నారు. బాగున్న చోట మొదలుపెట్టి పాడైన చోటి వైపు, నేలను వీలైనంత తక్కువగా కదిలిస్తూ కలుపు తీయాలి. స్థానిక మొక్కలు తమంతట తాము మొలిచి ఆ ఖాళీని నింపినంత మేరకే ముందుకు సాగాలి. అంటే నాటడం పూర్తిగా పాడైపోయిన నేలకే తగిన ఉపాయం.

ఉన్న అడవిని నరికి, బదులుగా మరోచోట పిల్లల చేత నాటిస్తామనే వాదం ఇక్కడ నిలవదు. చిలుకలు గూడు పెట్టుకునే తొర్ర యూకలిప్టస్‌లో ఏర్పడటానికి తరచు నూరేళ్ళకు పైగా పడుతుంది. ఆ మైదానంలోనే నివసించే ఒక నత్తజాతి, చెట్ల మొదళ్ళ వద్ద రాలిన ఆకుల క్రింద, బెరడు క్రింద, పడిపోయిన దుంగల క్రింద బతుకుతుంది. అది కూడా అంతరించే ప్రమాదంలో ఉంది. రాలిన బెరడును చెత్తగా ఎంచి ఊడ్చివేయకూడదని పిల్లలకు నేర్పేది అందుకే.