నోటు ఎవరి దగ్గరుంటుంది సార్?

మా పెద్దమ్మ కొడుకు పోయి అప్పటికి మూడు నెలలు. 2016 జూన్. వాన ఇంకా పడలేదు. ఊళ్ళోకి జీపు వచ్చిందంటే నేనూ వదిన పక్కన వెళ్ళి కూర్చున్నాను. ముగ్గురు ఆఫీసర్లు అరుగు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వదిన గుమ్మం దగ్గర నిలబడింది, నెత్తిమీద కొంగు కప్పుకుని.

"అప్పు ఎంతుందమ్మా?"

"నాలుగు లక్షల దాకా ఉంటది సారూ. ఎరువుల దుకాణంల, ఇంకిద్దరి దగ్గర..."

"నోట్లు చూపించు."

వదిన నా వైపు చూసింది. నెమ్మదిగా అంది... "నోటు నా దగ్గర ఎందుకుంటది సారూ? అప్పిచ్చినోళ్ళ దగ్గరుంటది గని."

చదువుకున్న దాన్ని, పట్నంలో ఉద్యోగం చేస్తున్న దాన్ని, నాకు తట్టని మాట ఆమెకు తట్టింది. నిజమే కదా! ప్రామిసరీ నోటు రాసిచ్చినవాడి దగ్గర ఉండదు, రాయించుకున్నవాడి దగ్గరుంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి, లైసెన్సు లేకుండా అప్పులిచ్చే పెద్దమనిషి ఆ నోటు తెచ్చి సర్కారు చేతిలో పెడతాడా? తన తప్పు తనే ఒప్పుకున్నట్టవదూ?

ఆఫీసర్లు ఏదో రాసుకున్నారు. పావుగంటలో జీపు వెళ్ళిపోయింది.

జీవోలో ఏముంది?

అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి సాయం చేయాలని ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే 421 నంబరు జీవో వచ్చింది. కుటుంబానికి లక్ష, అప్పులవాళ్ళతో తేల్చుకోడానికి మరో 50 వేలు. తెలంగాణ వచ్చాక 2015లో 194 నంబరు జీవోతో దాన్ని 5 లక్షలు, 1 లక్ష చేశారు. ఆ చావుకు కారణం అప్పులూ సేద్యమే అని తేల్చే పని ముగ్గురిది. ఆర్డీవో, పోలీసు డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి.

బాగానే ఉంది. కానీ ఆ ముగ్గురి ముందు పెట్టాల్సిన కాగితాలు చూస్తే గుండె జారిపోతుంది. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు అప్పు కాగితాలు, ప్రైవేటు అప్పు కాగితాలు, రేషన్ కార్డు... ఇంటి మగమనిషి పోయిన ఇంట్లో, అప్పటిదాకా బ్యాంకు మెట్లు ఎక్కని ఆడమనిషి ఇవన్నీ పోగేయాలి.

మా అన్న వేసింది ఆరెకరాల పత్తి. అందులో రెండెకరాలు మా పెదనాన్న పేరు మీద ఉంది. నాలుగెకరాలు కౌలు. కౌలుకు కాగితం ఎక్కడిది? నోటిమాట. పొలం గలాయన రాసివ్వనన్నాడు. రాసిస్తే రేపు పొలం మీద హక్కు అడుగుతారని ఆయన భయం. అంటే లెక్క ప్రకారం మా అన్నకు భూమీ లేదు, అప్పూ లేదు. మరి ఎందుకు పోయాడు?

"ప్రాసెస్‌లో ఉందమ్మా"

ఆ జీపు వెళ్ళాక వదిన ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆ ఆఫీసు పేరు నేను రాయను. పోయిన ప్రతిసారీ ఒకటే మాట... "ప్రాసెస్‌లో ఉందమ్మా." ఆ ఇంగ్లీషు ముక్క వదినకు కంఠతా వచ్చేసింది. కూలి పోగొట్టుకుని, బస్సుకు డబ్బులు పెట్టుకుని పోవడం, ఆ మాట విని రావడం.

2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. దాంతో కొత్త మాట పుట్టింది. "మీ ఊరు ఇప్పుడు వేరే జిల్లా. ఫైలు అక్కడికి పోయింది." అక్కడికి పోతే, "ఇంకా రాలేదు, పాత ఆఫీసులో అడగండి." ఇలా ఇంకో పది నెలలు.

నాకు సిగ్గేసింది. పండక్కి చీర పెట్టి, పిల్లల ఫీజుకు ఓ వెయ్యి చేతిలో పెట్టి నా బాధ్యత తీరిందనుకున్నాను. ఒక్కసారైనా ఆమెతో ఆ ఆఫీసుకు పోయానా? లేదు. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాం. నేను రాశాను, ఆమె సంతకం పెట్టింది. అడిగినవి నాలుగే.

త్రిసభ్య కమిటీ నివేదిక ఏ తేదీన ఇచ్చింది? దాని నకలు ఇవ్వండి. ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది? సాయం ఇవ్వకపోతే, ఏ కారణంతో ఇవ్వలేదు?

ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. రాలేదు. పై అధికారికి అప్పీలు పెట్టాం. 2017 నవంబరులో కవరు వచ్చింది.

ఒకే ఒక్క పేజీ. "కుటుంబ కలహాలు, మద్యం అలవాటు. అప్పులకు ఆధారాలు లేవు. అర్హత లేదు." కింద మూడు సంతకాలు. తేదీ 2016 జూలై!

అంటే పదహారు నెలలుగా "ప్రాసెస్‌లో" ఏమీ లేదు. జీపు వచ్చిన మరుసటి నెలలోనే తేల్చేసి అటక మీద పడేశారు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

అది చదివి వినిపిస్తుంటే వదిన ఏడవలేదు. "మద్యం అంటే తాగుడే గదా?" అని అడిగింది. అవునన్నాను. "పెండ్లయినంక ఒక్కనాడు తాగలే. ఎవరు చెప్పిన్రట?"

ఎవరు చెప్పారో ఆ కాగితంలో లేదు. ఊళ్ళో ఒక్కరి వాంగ్మూలం కూడా జతచేసి లేదు.

ఊరి మధ్య చదివి ఉంటే...

ఉపాధి హామీ పనుల్లో మన దగ్గర 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారో అందరి ముందూ చదివేవారు. పనిచేయని పేర్లు బయటపడేవి. మా అన్న మీద రాసిన ఆ మూడు వాక్యాలూ ఊరి చావిడి దగ్గర చదివి ఉంటే ఏమయ్యేది? పక్కింటి ముసలమ్మే లేచి "అబద్ధం" అనేది!

2018లో తెలంగాణలో రైతు బీమా వచ్చింది. పట్టా ఉన్న రైతు, 18 నుంచి 59 ఏళ్ళ లోపు వయసులో, ఏ కారణంతో పోయినా 5 లక్షలు. కారణం నిరూపించమని భార్యను నిలబెట్టని పథకం. అది మంచిదే. కానీ పట్టా లేని కౌలు రైతు పేరు అందులో ఉండదు. కౌలు రైతు భార్యకు మళ్ళీ ఆ అరుగూ, ఆ ముగ్గురూ, ఆ ప్రశ్నే గతి.

మేం ఆ కాగితం పట్టుకుని కలెక్టరేటులో ప్రజావాణికి వెళ్ళాం. మళ్ళీ విచారణ వేశారు. ఈసారి ఊళ్ళో పదకొండు మంది వచ్చి అరుగు ముందు నిలబడ్డారు. కౌలు చేశాడని, అప్పులు తెచ్చాడని, తాగడని చెప్పి సంతకాలు, వేలిముద్రలు వేశారు. 2019 జనవరిలో డబ్బు వచ్చింది. అప్పటికి వడ్డీలే అసలును మింగేశాయి. పెద్దాడు చదువు మానేసి ట్రాక్టరు మీద పోతున్నాడు.

ఇది రాస్తున్నది గొప్ప చెప్పుకోడానికి కాదు. వితంతు పెన్షన్ కావచ్చు, ప్రమాద పరిహారం కావచ్చు, మీ ఇంట్లోనో, మీ ఇంట్లో పనిచేసే ఆమెకో ఇలాంటి అవసరం పడవచ్చు. దరఖాస్తు ఇస్తే రసీదు అడగండి. ప్రతి కాగితానికీ ఒక నకలు ఇంట్లో ఉంచండి. "రాదు" అంటే కారణం కాగితం మీద రాసివ్వమనండి. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు పది రూపాయలకు మించదు, పేదరికం రేఖకు దిగువ ఉన్నవాళ్ళకు అదీ లేదు. సరైన కారణం లేకుండా జవాబు ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25 వేల దాకా జరిమానా పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆఫీసుకు ఆమెను ఒంటరిగా పంపకండి. పక్కన ఇంకో మనిషి ఉంటే జవాబు చెప్పే తీరే మారుతుంది.

డబ్బు వచ్చిన రోజు వదినకు ఫోన్ చేశాను. సంతోషంగా ఉందా అని అడగడానికి నోరు రాలేదు. ఆమే అంది... "పైసలు అప్పులోళ్ళకే పోతయి. గని ఆయన తాగి సచ్చిండని సర్కారు కాగితంల ఉండె సూడు, అది కొట్టేసిన్రు. రేపు పిల్లలు సదువుకుంటే ఆ కాగితం సూస్తరు గదా."