ఒక వాక్యము, రెండు అర్థములు

ఆంగ్లము నేర్చుకొను విద్యార్థిని కఠినపదములు అంతగా బాధింపవు. నిఘంటువు తెరచినచో వాని అర్థము దొరకును. చిక్కు చిన్న పదములతోనే వచ్చును. ‘లెట్ హిమ్ హావ్ ఇట్’ అను వాక్యమునందలి నాలుగు పదములును తొలి పాఠములలోనే వచ్చునవి. అవి నాలుగును కలిసినపుడు మాత్రము అర్థము ఒక్కటిగా నిలువదు.

బంతికొరకు ఇద్దరు పిల్లలు పెనుగులాడుచుండగా తల్లి ఈ మాట అన్నచో, ‘దానిని వానికి ఇచ్చివేయుము’ అని భావము. యజమాని గుమాస్తాకు అట్లు ‘ఇచ్చెను’ అన్నచో చీవాట్లు పెట్టెనని అర్థము. కొట్లాటలో అన్నచో కొట్టుమని. చేత తుపాకి యున్నవానితో అన్నచో కాల్చుమని. తెలుగువారికి ఇది వింత కాదు. ‘వానికి రెండు ఇచ్చినాడు’ అన్నపుడు ఇచ్చినవి పండ్లో, చెంపదెబ్బలో సందర్భమే తేల్చవలెను.

ఇంగ్లండులో ఈ సందిగ్ధత ఒక యువకుని మరణముతో ముడిపడినది. 1952 నవంబరు 2వ తేది రాత్రి లండను చేరువనున్న క్రాయ్‌డన్‌లో, దొంగతనమునకై గిడ్డంగి కప్పు నెక్కిన 19 ఏండ్ల డెరెక్ బెంట్లీ, 16 ఏండ్ల క్రిస్టఫర్ క్రెయిగ్ పోలీసులకు ఎదురుపడిరి. తుపాకి క్రెయిగ్ చేతిలో ఉండెను. అతడు కాల్చగా మొదట ఒక డిటెక్టివు గాయపడెను. పిదప సిడ్నీ మైల్స్ అను కానిస్టేబులు మరణించెను. అప్పటికే బెంట్లీ పోలీసుల అదుపులో నుండెను. అయినను, అంతకుముందు అతడు క్రెయిగ్‌తో ఈ వాక్యమును పలికెనని పోలీసులు సాక్ష్యమిచ్చిరి. అది కాల్చుమను ప్రేరేపణయే యని ప్రాసిక్యూషను వాదించెను. ‘తుపాకి అతనికి ఇచ్చివేయుము’ అనియు దానికి అర్థము చెప్పవచ్చునని తరువాత పలువురు చూపిరి. నిందితులిద్దరును ఆ మాట పుట్టనే లేదనిరి.

18 ఏండ్లు నిండనందున క్రెయిగ్‌కు ఉరి తప్పెను. జ్యూరీ కనికరము చూపుమని కోరినను, 1953 జనవరి 28న బెంట్లీని ఉరితీసిరి. విచారణ న్యాయముగా సాగలేదని 1998 జులై 30న అప్పీలు కోర్టు అతనిపై నేరనిర్ణయమును కొట్టివేసెను. అప్పటికి 45 ఏండ్లు గడచినవి.

సర్వనామమును బోధించు ఉపాధ్యాయుడు ఈ వాక్యమును నల్లబల్లపై వ్రాసి, ‘ఇట్’ అనగా ఏది, ‘హిమ్’ అనగా ఎవడు అని ప్రశ్నింపవచ్చును. ఎవరు, ఎవరితో, ఏ సమయమున అన్నారో తెలియనిదే జవాబు చెప్పలేమని విద్యార్థి గ్రహించిన దినమున ఆ పాఠము పూర్తియైనట్లే.